కొమ్మ వదలని నిశాచరి: దేవాంగ పిల్లిపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో పునుగు పిల్లి గురించి ఇచ్చిన జవాబులో దేవాంగ పిల్లి ప్రస్తావన ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు అసలు జవాబుకు రాలేదు. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ జంతువుకే కేటాయిస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట వారిలో ఒకరి ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాం.

దేవాంగ పిల్లి అంటే పిల్లి జాతిదా, కోతి జాతిదా? పునుగు పిల్లీ ఇదీ ఒకటేనని మా ఊళ్లో అంటారు. పిల్లల పుస్తకంలో ‘లోరిస్’ అని ఉంది. అది మరొకటా?
(ఒక ఉపాధ్యాయుడు, రాజంపేట)

దేవాంగ పిల్లికి పిల్లితో ఏ బంధుత్వమూ లేదు. చీకట్లో కళ్లు మెరుస్తూ, అడుగుల చప్పుడు లేకుండా తిరిగే చిన్న జంతువు ఏది కనిపించినా దాన్ని పిల్లి అనేయడం మనకు అలవాటు. పునుగు పిల్లీ, మానుపిల్లీ కూడా అసలు పిల్లులు కావు. తిరుమల శ్రీవారి సేవలో వాడే పునుగు తైలం వల్ల పునుగు పిల్లి పేరు అందరికీ తెలుసు గనుక, శేషాచలం వైపు ఏ నిశాచర జంతువు కనిపించినా ఆ పేరే పెట్టేస్తున్నారు. ఆ రెండింటికీ తేడా తెలుసుకోవడం చాలా తేలిక. పునుగు పిల్లికి పొడుగాటి ఒళ్లు, ఒంటి మీద మచ్చలు, పట్టీలున్న తోక ఉంటాయి, అది నేల మీద తిరుగుతుంది. దేవాంగ పిల్లికి పైకి కనిపించే తోకే లేదు, తప్పనిసరైతే తప్ప నేల మీదికి దిగదు.

మీ పిల్లలు చదివిన లోరిస్ ఇదే. మనుషులూ కోతులూ చేరే ప్రైమేట్ల వర్గంలోనే ఇదీ ఉంది. అయితే ఆ వర్గం ఆరు కోట్ల సంవత్సరాలకు పూర్వమే రెండు పెద్ద కొమ్మలుగా చీలిపోయింది. కోతులు, వాలిడులు (తోకలేని పెద్ద కోతులు), మనుషులు ఒక కొమ్మ. మడగాస్కర్ లెమూర్లు, ఆఫ్రికాలోని గాలగోలు, పొట్టోలు, ఆసియాలోని లోరిస్‌లు రెండో కొమ్మ. ఈ రెండో కొమ్మ వాటి ముక్కు కొన కుక్క ముక్కులా తడిగా ఉంటుంది, వాసనే వాటికి సగం లోకం. కింది దవడ ముందు పళ్లు ఆరూ సన్నగా, ముందుకు వాలి, దువ్వెనలా అమరి ఉంటాయి, వాటితోనే జుట్టు దువ్వుకుంటాయి. కాలి రెండో వేలికి మాత్రం గోరుకు బదులు గోక్కోవడానికి పనికివచ్చే కొక్కెం లాంటి గోరు ఉంటుంది. కాబట్టి దేవాంగ పిల్లి మన పూర్వీకురాలు కాదు, చాలా దూరపు జ్ఞాతి మాత్రమే.

పేర్ల మాటకొస్తే, తమిళులు దీన్ని తేవాంగు అంటారు, బక్కచిక్కి కళ్లు మాత్రమే కనిపించే మనిషిని వెక్కిరించడానికి కూడా ఆ మాటే వాడతారు. కన్నడిగులు ‘కాడు పాప’, అంటే అడవి పాప, అని ముద్దుగా పిలుస్తారు. నా మటుకు నాకు ఆ పేరే దీనికి సరిగ్గా అతికినట్టు అనిపిస్తుంది. సింహళంలో దీని పేరు ఉనహపులువా. 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు లినేయస్ శ్రీలంక లోరిస్‌కు ‘మెల్లగా నడిచేది’ అని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బ్యుఫోన్ 1765లో లోరిస్ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. దక్షిణ భారతంలో ఉన్న బూడిదరంగు జాతిని 1908లో స్పెయిన్ దేశస్థుడు కాబ్రేరా మద్రాసు నుంచి వచ్చిన నమూనాను బట్టి వర్ణించి, ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు రిచర్డ్ లిడెక్కర్ పేరు మీద ‘లోరిస్ లిడెక్కెరియానస్’ అన్నాడు. మన రాష్ట్రంలో ఉన్నది ఈ జాతే.

టార్చి వేస్తే నిప్పుకణికల్లా మెరిసే ఆ కళ్లలో ఏముంది? మన కళ్లు ఎందుకు అలా మెరవవు?
(ఇంటర్మీడియట్ విద్యార్థిని, పలమనేరు)

కంటి లోపల వెలుగును పట్టుకునే పొర వెనుక అద్దంలాంటి మరో పొర ఉంటుంది. మొదటిసారి లోపలికి వెళ్లినప్పుడు పట్టుబడకుండా తప్పించుకున్న వెలుగును ఆ అద్దం వెనక్కి తిప్పి పంపుతుంది, దాంతో చూపు పొరకు దాన్ని పట్టుకునే అవకాశం రెండోసారి దక్కుతుంది. వెన్నెల లేని రాత్రి నక్షత్రాల వెలుగులో పురుగును వెదుక్కునే జంతువుకు ఈ రెండో అవకాశం చాలా విలువైనది. అప్పటికీ మిగిలి బయటికి వచ్చిన వెలుగే మీకు నారింజ ఎరుపు మెరుపుగా కనిపించింది. మనుషులకూ కోతులకూ ఆ అద్దం పొర లేదు. ఇంత సున్నితమైన రాత్రి చూపుకు మూల్యంగా లోరిస్ రంగుల లోకాన్ని వదులుకుంది, మనం చూసినట్టు అది రంగులను చూడలేదు.

చీకట్లో ఏ కళ్లు ఎవరివో గుర్తుపట్టడానికి ఒక చిట్కా చెబుతాను. దారి మీద ఒకటే కణిక మెరిసి, మీరు దగ్గరికి వెళ్లగానే ఎగిరిపోతే అది చాలావరకు పక్షి. కొమ్మల మధ్య రెండు కణికలూ ఒకేసారి మీ వైపు తిరిగి, కదలకుండా చాలాసేపు నిలిచి, తరువాత మెల్లగా పక్కకు జరిగితే అది దేవాంగ పిల్లి కావచ్చు. దాని కళ్లు రెండూ గుడ్లగూబ కళ్లలా పూర్తిగా ముందుకే చూస్తాయి. రెండు కళ్ల చూపూ ఒకే చోట కలిస్తేనే పురుగు ఎంత దూరంలో ఉందో కచ్చితంగా తెలుస్తుంది, ఎగిరే పురుగును ఒక్క చేత్తో పట్టుకోవడానికి ఆ కచ్చితత్వమే ఆధారం.

ఒక విన్నపం. ఆ మెరుపు బాగుంది కదా అని తెల్లటి టార్చి వెలుగును దాని కళ్లలోకే వేసి ఉంచకండి. పరిశోధకులు తలకు కట్టుకునే దీపాలకు ఎర్ర కాగితం అడ్డుపెట్టుకుని మాత్రమే వీటిని గమనిస్తారు. ఫొటోలకు ఫ్లాష్ వాడవద్దు.

ఇంత మెల్లగా నడిచే జంతువు శత్రువుల బారిన పడకుండా ఎలా బతుకుతోంది? బద్ధకమా, బలహీనతా?
(విశ్రాంత ఉద్యోగి, మదనపల్లె)

రెండూ కావు. దీనికి జవాబుగా నేను చూసినదే చెబుతాను.

శేషాచలం కొండల పాదాల దగ్గర ఒక మిత్రుడి మామిడి తోట ఉంది. తోటకు ఒక పక్క ఎప్పటి నుంచో పెరిగిన తుమ్మ, రేగు, కలబంద, పేరు తెలియని తీగలు కలగలిసిన కంప కంచె ఉంది. ఒక ఎండాకాలం రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో ఆ కంప పక్కన కూర్చున్నప్పుడు ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలుగులో, నా చేతికి అందేంత దూరంలో, దేవాంగ పిల్లి ఒకటి రేగు కొమ్మ మీద కనిపించింది. అరచేతిలో ఇమిడే ఒళ్లు, ఆ ఒళ్లుకు ఏమాత్రం సరిపోలని పుల్లల్లాంటి కాళ్లు, చేతులు. అది ఒక చేతిని ముందుకు చాచింది. ఎంత మెల్లగా చాచిందంటే, చెయ్యి కదిలినట్టు నాకు తెలియలేదు, ఇంతకు ముందు లేని చోట ఇప్పుడు ఉన్నట్టు మాత్రమే తెలిసింది. ఆ చెయ్యి ముల్లుకూ ముల్లుకూ మధ్య ఉన్న జానెడు జాగాను వెదికి పట్టుకున్న తరువాతే వెనుక కాలు కదిలింది. మూడు పట్లు బిగువుగా ఉంటే తప్ప నాలుగోది వదలదు. పెన్సిల్ మందం కూడా లేని కొమ్మ మీద అంత బరువు కదులుతున్నా ఆకు అల్లాడలేదు. అంతలో ఒక చిన్న రెక్కల పురుగు దాని చెవి పక్కగా పోయింది. వెనుక కాళ్ల పట్టుతో ఒళ్లంతా ముందుకు సాగింది, రెండు చేతులూ ఒక్క రెప్పపాటులో గాలిని కోశాయి, పురుగు గుప్పిట్లో ఉంది. మెల్లగా నడవడం దానికి చేతకానితనం కాదని నాకు ఆ క్షణంలో అర్థమైంది.

గుడ్లగూబలాంటి వేటగాళ్లు కదలికను బట్టే వేటను పసిగడతాయి. కదిలీ కదలనట్టు ఉండేదాన్ని పసిగట్టడం కష్టం. ప్రమాదం వచ్చిందనిపిస్తే లోరిస్ పారిపోదు, ఉన్న చోటే బిగుసుకుపోతుంది, అలా చాలాసేపు ఉండగలదు కూడా. దాని కాళ్లు, చేతుల్లో రక్తనాళాలు ఒక్కటిగా కాక సన్నటి పాయలుగా చీలి వలలా అల్లుకుని ఉంటాయి. గంటల తరబడి కొమ్మను పట్టుకున్నా కండరాలు అలసిపోకుండా ఉండడానికి ఆ అమరిక తోడ్పడుతుందని శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. దాని అరచేయి కూడా ఇందుకోసమే తయారైనట్టు ఉంటుంది. బొటనవేలు మిగిలిన వేళ్లకు బాగా ఎడంగా, ఎదురుగా నిలుస్తుంది. చూపుడువేలు మొండిదై కురచబారి, పట్టుకు అడ్డం రాకుండా తప్పుకుంటుంది. పట్టకారు అనుకోండి.

అయితే ఈ పనితనానికి ఒక షరతు ఉంది. కోతులూ గాలగోలూ కొమ్మ నుంచి కొమ్మకు దూకుతాయి. లోరిస్ దూకదు. ఈ కొమ్మ వదలక ముందే ఆ కొమ్మ చేతికి తగలాలి. తగలకపోతే దాని దారి అక్కడితో ఆగిపోతుంది. కింది జవాబుల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇది ఏం తింటుంది? పండ్లు పెడితే తింటుందా?
(గృహిణి, చెన్నై)

పెట్టకండి. ఇది ప్రధానంగా పురుగులు తినే జంతువు. తమిళనాడు దిండిగల్ ప్రాంతంలోని అయ్యలూరు అడవుల్లో 1990ల చివర్లో అన్నా నెకారిస్ అనే పరిశోధకురాలు నెలల తరబడి రాత్రుళ్లు వీటి వెంట తిరిగి, వాటి ఆహారంలో సుమారు 96 శాతం జంతు సంబంధమైనదేనని, అందులోనూ చీమలూ చెదపురుగులే ఎక్కువని లెక్క తేల్చారు. మిగిలిన నాలుగు శాతంలో చెట్టు జిగురు లాంటివి ఉంటాయి. అప్పుడప్పుడు చిన్న బల్లి కూడా దొరకవచ్చు.

చీమలను తినడం అంత సుఖమైన పని కాదు. కుట్టే చీమలనూ, దుర్వాసన వదిలే పురుగులనూ నోట్లో వేసుకున్నప్పుడు లోరిస్ ముఖం చిట్లిస్తుంది, తుమ్ముతుంది, చొంగ కారుస్తుంది, అయినా నములుతూనే ఉంటుంది. అడవిలో చాలా జంతువులు వదిలేసే తిండి కాబట్టే దీనికి పోటీ తక్కువ. ఇలాంటి తిండి తినేటప్పుడు అది మరో విచిత్రమైన పని చేస్తుంది. మూత్రంతో అరచేతులూ పాదాలూ తడుపుకుని రుద్దుకుంటుంది. తన దారిని వాసనతో గుర్తుపెట్టడం, పట్టు జారకుండా చూసుకోవడం, చీమకాటు మంట తగ్గించుకోవడం అని దీనికి పలు వివరణలు ఉన్నాయి. మన ఊళ్లలో కూడా పురుగు కుడితే ఏది దొరికితే అది రాసుకునేవారు కదా, ఆ చివరి వివరణ మనకు అంత వింతగా తోచదు.

దీని జీవక్రియ వేగం, అంటే ఒంట్లో ఇంధనం ఖర్చయ్యే వేగం, ఇంత చిన్న క్షీరదానికి ఉండాల్సిన దానికంటే తక్కువ. చీమలు, చెదలు తిని పావు కిలో అటూ ఇటూ ఉండే ఒళ్లును పోషించుకోగలగడానికి ఆ పొదుపే కారణం. పంజరంలో పెట్టి పండ్లూ అన్నమూ పెట్టినప్పుడు ఇవి జబ్బుపడి చనిపోతున్నాయంటే అందులో ఆశ్చర్యమేమీ లేదు.

తోటలో ఒక కొమ్మ మీద దేవాంగ పిల్లి పిల్ల ఒంటరిగా కనిపించింది. తల్లి జాడ లేదు. ఇంటికి తెచ్చి పెంచాలా?
(రైతు, రైల్వే కోడూరు)

తేకండి, ముట్టుకోకండి. తల్లి దాన్ని వదిలేయలేదు, అక్కడ ఉంచి వెళ్లింది.

గర్భం సుమారు ఐదున్నర నెలలు. ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి కవలలు పుడతారు. మన ప్రాంతపు ఉపజాతిలో కవలలు తరచుగానే కనిపిస్తారు. మొదటి కొన్ని వారాలు పిల్ల తల్లి కడుపును కరుచుకుని తిరుగుతుంది. తరువాత తల్లి సంధ్య వేళ వేటకు బయలుదేరేటప్పుడు పిల్లను ఒక కొమ్మకు అంటిపెట్టి వెళ్లి, రాత్రి మధ్యలోనో తెల్లవారుజామునో తిరిగి వచ్చి తీసుకుంటుంది. పిల్ల తల్లి వచ్చేదాకా కొమ్మను పట్టుకునే ఉంటుంది. ఊరికే ఉండదు గానీ, కాస్త పెద్దదైతే ఆ చుట్టుపక్కలే పాకుతూ, దొరికిన పురుగును పట్టుకోబోయి తప్పుతూ సాధన చేస్తుంది. కొన్నిసార్లు మగవి కూడా ఇలా ఉంచిన పిల్లల దగ్గరికి వచ్చి, వాటి జుట్టు దువ్వి, కాసేపు ఆడుకుని వెళతాయి. ఒకప్పుడు లోరిస్‌ను ఒంటరి జీవి అని పుస్తకాల్లో రాసేవారు. రాత్రంతా వాటి వెంట తిరగడం మొదలుపెట్టాక ఆ మాట నిలవలేదు. రాత్రి ఎవరి వేట వారిదే అయినా పగలు రెండు మూడు కలిసి, ఒకదాన్నొకటి చుట్టుకుని, ముళ్ల గుబురులో ఒకే బంతిలా ముడుచుకుని నిద్రపోతాయి. పొద్దు కుంకే వేళా, తెల్లవారే వేళా ఒకదానినొకటి దువ్వుకుంటాయి. దూరంగా ఉన్నప్పుడు ఈలలతో తాము ఎక్కడున్నదీ తెలుపుకుంటాయి.

మీరు చేయవలసింది ఒక్కటే. ఆ చెట్టు దగ్గరికి కుక్కలను రానివ్వకుండా చూసి, మీరు కూడా అక్కడి నుంచి తప్పుకోండి. పిల్ల నేల మీద పడి ఉన్నా, గాయపడినా, మరుసటి పగటికి కూడా ఒంటరిగానే ఉన్నా అటవీ శాఖ వారికి తెలియజేయండి.

తెలుగు నేల మీద ఇవి ఇంకా ఎక్కడ ఉన్నాయి? మరే దేశంలోనైనా ఉన్నాయా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్)

మన దేవాంగ పిల్లి చేరే సన్న లోరిస్‌లు ప్రపంచం మొత్తం మీద దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ తప్ప మరెక్కడా లేవు. మన దేశంలో రెండు ఉపజాతులు ఉన్నాయి. పడమటి కనుమల తడి అడవుల్లో కాస్త ఎర్రబారిన చిన్నది ఒకటి. తూర్పు వైపు వానలు తక్కువగా పడే ముళ్ల అడవుల్లో, గుట్టల మీద బూడిదరంగు పెద్దది ఒకటి. మన ప్రాంతంలో ఉన్నది ఈ రెండోది. శేషాచలం కొండలు, చిత్తూరు వైపు అడవులు, శ్రీహరికోట ద్వీపంలోని పొద అడవి దీని నివాసాలు. 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించినప్పుడు అక్కడి ముఖ్య జంతువుగా పేర్కొన్నది దీన్నే. ఎర్రచందనం గురించి రోజూ వార్తలు చదివే మనలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

దట్టమైన అడవి ఉంటేనే ఇది బతుకుతుందనుకోవడం పొరపాటు. కర్ణాటకలోని తుమకూరు వైపు పల్లెల్లో, పొలాల గట్ల మీది చెట్లలో ఇవి ఉన్నాయి. బెంగళూరు నగరం నడిబొడ్డున ఉన్న భారతీయ విజ్ఞాన సంస్థ ప్రాంగణపు చెట్ల మీద కూడా ఉన్నాయి. అయ్యలూరు పరిశీలనల ప్రకారం ఆడదాని తిరుగాటకు సగటున సుమారు 1.6 హెక్టార్లు, అంటే నాలుగెకరాలు, మగదానికి 3.6 హెక్టార్లు, అంటే తొమ్మిదెకరాలు సరిపోతున్నాయి. ఒక మోస్తరు తోటంత. ఇంత తక్కువ స్థలంతో సరిపెట్టుకునే జంతువు కూడా కనుమరుగవుతోందంటే ఆ నాలుగెకరాల్లో కొమ్మకు కొమ్మ అందడం లేదన్నమాట. మధ్యలో నాలుగు వరసల రోడ్డు వేస్తే ఆ పక్క ఉన్న చెట్లు దీనికి మరో దేశం. దాటాలంటే నేల మీదికి దిగాలి, నేల మీద దాని నడక చూసినవారికి ఆ రోడ్డు దాటడం ఏ పాటి సాహసమో తెలుస్తుంది. కొమ్మలు లేని చోట కరెంటు తీగను చెట్టు తీగలాగే పట్టుకుని నడిచి చనిపోయేవి కూడా ఉన్నాయి.

శ్రీలంక సంగతి ఒక్క మాటలో చెబుతాను. హార్టన్ ప్లెయిన్స్ అనే ఎత్తైన, పొగమంచు కమ్మే మైదానపు అడవుల్లో ఉండే, పొట్టి కాళ్లూ ఒత్తు జుట్టూ ఉన్న ఉపజాతి 1939 నుంచి 2002 దాకా కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. దాని ఫొటో మొదటిసారిగా 2010లో లోకానికి తెలిసింది.

ఇక తమిళనాడు ప్రభుత్వం 2022 అక్టోబరులో కరూర్, దిండిగల్ జిల్లాల్లోని 11,806 హెక్టార్లను కడవూర్ దేవాంగు అభయారణ్యంగా ప్రకటించింది. ప్రత్యేకంగా ఈ ఒక్క జంతువు కోసమే ఏర్పడిన అభయారణ్యం దేశంలో అదే మొదటిది.

దీని కంటితో చేసిన మందు కంటి జబ్బులను తగ్గిస్తుందనీ, వశీకరణానికి పనికివస్తుందనీ చెప్పి, సంచిలో తెచ్చి చూపించి డబ్బు వసూలు చేసేవారున్నారు. ఇందులో నిజమెంత?
(యువ రైతు, పుంగనూరు)

నిజం ఏమాత్రమూ లేదు. పెద్ద కళ్లున్న జంతువు కాబట్టి కంటికి మందు, కన్నార్పకుండా చూస్తుంది కాబట్టి వశీకరణం, ఇంతకు మించి ఆ నమ్మకం వెనుక ఏ ఆధారమూ లేదు. గుడ్లగూబకు పట్టిన గతి కూడా సరిగ్గా ఇదే. తమిళనాడు, కర్ణాటక, శ్రీలంకల్లోనూ ఈ నమ్మకం ఉంది, దాని పేరుతో బతికున్న జంతువుకు చేసే హింస వివరాలను ఇక్కడ రాయడానికి నా చెయ్యి రావడం లేదు. సోది చెప్పేవారి సంచిలో మీకు కనిపించిన దేవాంగ పిల్లి బిత్తరపోయి బిగుసుకుని ఉంటే జనం దాన్ని మహిమ అంటారు. పైన చెప్పినట్టు, ప్రాణభయంలో ఉన్నప్పుడు అది చేసేదే అది.

చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానమైన స్థానంలో ఉంది. పట్టుకున్నా, దగ్గర పెట్టుకున్నా, అమ్మినా మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలుశిక్ష, పైగా 2022 సవరణ తరువాత కనీసం 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. సంచి మోసుకుని తిరిగేవాడికి ఇది తెలియకపోవచ్చు, డబ్బిచ్చి చూసేవారికైనా తెలియాలి.

చక్కిలిగిలి పెడితే చేతులు పైకెత్తే లోరిస్ వీడియో చూశాం. చాలా ముద్దుగా ఉంది. మన దేవాంగ పిల్లి కూడా అలా చేస్తుందా?
(తొమ్మిదో తరగతి విద్యార్థి, వరంగల్)

బాబూ, నువ్వు చూసింది సన్న లోరిస్ కాదు, దాని బొద్దు బంధువైన స్లో లోరిస్. మన దేశంలో అది ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో మాత్రమే ఉంది. దాని మోచేతి లోపలి వైపు ఒక గ్రంథి ఉంది, అందులోని ద్రవాన్ని నాకి లాలాజలంతో కలిపితే విషమవుతుంది. ప్రైమేట్లలో విషపు కాటు ఉన్నవి స్లో లోరిస్‌లే. భయపడినప్పుడు ఆ గ్రంథికి నోరు దగ్గరగా ఉండేలా అది చేతులు పైకెత్తుతుంది. అంటే నీకు ముద్దుగా కనిపించింది దాని ఆత్మరక్షణ. అమ్మేవాళ్లు కాటు తగలకుండా దాని పళ్లు ఊడబెరికి మరీ అమ్ముతారు. 2007 నుంచి అంతర్జాతీయంగా వాటి వ్యాపారం నిషిద్ధం. ఆ వీడియోను ఇతరులకు పంపకు.

మా మామిడి తోట చుట్టూ ఉన్న పాత కంప కొట్టేసి, రాతి స్తంభాలు పాతి ముళ్లతీగ వేయాలనుకుంటున్నాం. రాత్రుళ్లు కంపలో దేవాంగ పిల్లులు ఉన్నాయని కూలీలు అంటున్నారు. ఏం చేయమంటారు?
(రైతు, పీలేరు)

కంప మొత్తం కొట్టేయవద్దని నా మనవి. తోటకూ కొండకూ మధ్య అది తిరిగే దారి అదే కావచ్చు. పందుల వల్ల, పశువుల వల్ల మీకు తీగ తప్పనిసరైతే కొండ వైపు ఉన్న ఒక పక్క కంపను మాత్రం అలాగే ఉంచి, తీగను దానికి లోపలి వైపు వేసుకోండి. ఆ పక్క ఎక్కడైనా కంప ఎండిపోయి ఖాళీ పడితే రేగు, సీమచింత, గోరింట మొక్కలు పెట్టండి, రెండు మూడేళ్లలో అల్లుకుంటాయి. కరెంటు తీగ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయవద్దు, అది చట్టవిరుద్ధం, మనుషులకూ ప్రమాదమే. బోరు మోటారుకు వెళ్లే తీగలు కొమ్మలకు తగులుతుంటే కొమ్మలు నరికే ముందు వాటికి తొడుగు వేయించగలరేమో చూడండి.

కొట్టక తప్పని భాగాన్ని పగలు, మధ్యాహ్నం పూట, ఒక చివర నుంచి మొదలుపెట్టి మెల్లగా కొట్టించండి. కొట్టే ముందు కూలీలను కర్రతో కొడుతూ కాకుండా కళ్లతో వెదకమనండి, గుబురు నడుమ బూడిదరంగు బంతిలా ముడుచుకుని ఏదైనా కనిపిస్తే ఆ పొదను ఆ రోజుకు వదిలేయమనండి. రాత్రి అయ్యాక అదే మెల్లగా, చెయ్యి చాచి, పక్క కొమ్మ అందుకుని వెళ్లిపోతుంది. అందుకోవడానికి పక్క కొమ్మ ఉండేలా మాత్రం చూసుకోండి.